బల్ల మీద చందుర్తి



1758 డిసెంబరులో, పిఠాపురానికి దగ్గర్లో ఉన్న చందుర్తి పొలాల్లో ఒక యుద్ధం జరిగింది. ఒక పక్క ఇంగ్లీషు కంపెనీ, ఇంకో పక్క ఫ్రెంచివాళ్లు. కోస్తా జిల్లాలు ఎవరి చేతుల్లోకి వెళ్లాలన్నది చాలావరకు తేల్చిన యుద్ధం అది. బడి పుస్తకాల్లో దానికి దక్కేది మాత్రం ఒకటి రెండు వాక్యాలు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు సంవత్సరాన్నీ, గెలిచినవాడి పేరునూ బట్టీపట్టి తరవాతి పేజీకి వెళ్లిపోతారు. ఆ యుద్ధాన్ని నేనూ, నా మిత్రులూ ఒక బల్ల మీద మళ్లీ ఆడుతున్నాం. అదెలా ఆడతామో, ఆడితే పుస్తకంలో దొరకనిదేం దొరుకుతుందో ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

ముందు బల్ల సంగతి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పైన పచ్చటి గుడ్డ పరుస్తాం. మెరక ఉండాల్సిన చోట గుడ్డ కింద అట్టలు దొంతరగా పేర్చి పెడతాం. అట్టతో చేసిన ఇళ్లు నాలుగు పెడితే అది ఊరు. ఈ నేల మీద ఒక అంగుళమంటే అసలు నేల మీద 25 గజాలు. అంటే మా బల్ల 1,800 గజాల పొడవున్న పొలమన్నమాట. దాని మీద నిలబడేది సీసం, తగరం కలిపి పోతపోసిన సైనికులు, ఒక్కొక్కడు 15 మిల్లీమీటర్ల ఎత్తు. ఒక్క బొమ్మ నలభై మందికి లెక్క. మూడేసి బొమ్మల్ని అంగుళం వెడల్పున్న అట్టముక్కకు అంటిస్తాం. అలాంటి ముక్కలు నాలుగు పక్కపక్కన పెడితే పన్నెండు బొమ్మలు, అంటే దాదాపు 480 మంది. వాళ్లు మూడు వరుసల్లో భుజం భుజం తగిలేలా నిలబడితే నిజంగానే సుమారు వంద గజాల బారు అవుతుంది. కొలతలు ఇలా ఒకదానితో ఒకటి కుదిరినప్పుడే ఆటకు అర్థం ఉంటుంది.

చూడ్డానికి దసరాకు మనిళ్లల్లో పెట్టే బొమ్మల కొలువులాగే ఉంటుంది. కాకపోతే కొలువులో బొమ్మ పెట్టిన చోటే ఉంటుంది. ఇక్కడ ప్రతి బొమ్మా కదలాలి, కదిలిన ప్రతి అంగుళానికీ లెక్క చెప్పాలి.

ఈ ఆటల్లో చాలా కాలాలున్నాయి. రోమన్ల కాలం ఆడేవాళ్లున్నారు, రెండో ప్రపంచయుద్ధం ఆడేవాళ్లున్నారు. మాకిష్టమైనది గుర్రాలూ, చెకుముకి తుపాకులూ కలిసి నడిచిన కాలం. సుమారుగా 1700 నుంచి పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా. ఆ తుపాకీ గొట్టంలో మరలు ఉండవు. కాగితం తూటాను పంటితో చించి, మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి పేల్చాలి. బాగా తర్ఫీదు పొందినవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలడు. గురి సంగతి అడగక్కర్లేదు. ప్రష్యాలో ఒకసారి పరీక్ష పెట్టారు. వంద అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు ఉన్న గుడ్డను నిలబెట్టి పటాలం చేత కాల్పించారు. 225 గజాల నుంచి కాలిస్తే నూటికి పాతిక తగిలాయి. 75 గజాలకు దగ్గరైతే అరవై తగిలాయి. అంత పెద్ద గుడ్డకే ఆ లెక్క. పైగా గుడ్డ తిరిగి కాల్చదు. ఎదురుగా మనుషులుండి, పొగ కమ్మి, పక్కవాడు కూలిపోతున్నప్పుడు ఎన్ని తగులుతాయో ఊహించుకోండి. అందుకే ఆ రోజుల్లో సైనికుల్ని బారుగా నిలబెట్టి, దగ్గరికి తీసుకెళ్లి, అందరిచేతా ఒక్కసారే కాల్పించేవారు. మా బల్ల మీద తుపాకీకి అందే దూరం నాలుగంగుళాలు. నా చెయ్యంత కూడా కాదు. ఆ నాలుగంగుళాలు దాటి ఎదురుపక్షాన్ని చేరడంలోనే ఆటంతా ఉంది.

దీని పుట్టుక గురించి రెండు మాటలు. పదాతులు, రౌతులు, ఏనుగులు, రథాలు ఉన్న మన చతురంగం పడమటికి వెళ్లి చదరంగమై స్థిరపడింది కదా. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఆయన ఆ చదరంగాన్ని పెంచి, కొండలూ నదులూ ఉన్న యుద్ధపు ఆటగా మార్చాడు. 1812లో రైస్విట్జ్ అనే ప్రష్యా అధికారి గళ్లు తీసేసి, నేల ఎత్తుపల్లాలు అచ్చుగుద్దినట్టుండే బల్లను తన రాజుకు సమర్పించాడు. ఆయన కొడుకు ఫిరంగి దళంలో పనిచేసేవాడు. 1824లో ఆ కొడుకు నియమాలన్నీ తిరగరాసి ప్రచురించాడు. జనరల్ మ్యుఫ్లింగ్ ఆ ఆట చూసి, సైన్యమంతటికీ అది నేర్పాలని సిఫారసు చేశాడు.

ఆ కొడుకు చేసిన ఏర్పాట్లలో ఒకటుంది. నాకు దాని మీద అపారమైన గౌరవం. ఆయన ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఒక మధ్యవర్తిని కూర్చోబెట్టాడు. ఎవరి దళాలు ఎక్కడున్నాయో పూర్తిగా తెలిసింది మధ్యవర్తికొక్కడికే. ఆటగాడికి, ఆ చోట నిలబడిన సేనానికి కంటికి ఏది ఆనేదో అదే చెబుతాడు. కొండ వెనక ఉన్నది చెప్పడు. పంపిన ఆజ్ఞ చేరడానికి గుర్రానికి ఎంత సేపు పడుతుందో అంత సేపూ ఆగాల్సిందే. యుద్ధంలో తుపాకీకన్నా, ఫిరంగికన్నా పెద్ద శక్తి తెలియకపోవడమేనని ఆ యువకుడు పట్టుకున్నాడు. చందుర్తిని ఆడదామనుకున్నప్పుడు మాకు దారి చూపింది ఆ మధ్యవర్తే.

ఇక అసలు కథలోకి వస్తాను. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయనగరం పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చాయి, ఆ వెంటనే విజయనగరం రాజు విజయరామరాజు తన గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. ఇదంతా తెలుగువాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. దాని తరవాతి అధ్యాయమే చందుర్తి. విజయనగరంలో కొత్తగా గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. బుస్సీని ఫ్రెంచి గవర్నరు లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు, అతని చోటికి మార్క్వీ ద కాన్‌ఫ్లాన్ వచ్చాడు. ఇదే అదనని ఆనంద గజపతి విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసులోని కంపెనీ సాయం చేయలేని స్థితిలో ఉంది. కలకత్తాలో ఉన్న క్లైవు మాత్రం కర్నల్ ఫోర్డును ఓడల మీద విశాఖకు పంపాడు.

డిసెంబరు నాటికి రెండు దండ్లు ఎదురెదురుగా దిగాయి. ఫోర్డు దగ్గర సుమారు 470 మంది తెల్ల సైనికులు, 1,900 మంది బెంగాలు సిపాయిలు. కూడా రాజుగారి మనుషులు అయిదు వేల మంది దాకా. కాన్‌ఫ్లాన్ దగ్గర తెల్లవాళ్లు సుమారు 500, రౌతులు 500, సిపాయిలు 6,000. ఫిరంగుల్లో అయితే ఫ్రెంచివాళ్లది స్పష్టంగా పైచేయి, ముప్పైకి పైనే.

రెండు పక్షాలూ తెల్లవాళ్లను నడుమ పెట్టి, సిపాయిలను రెండు రెక్కల్లో నిలబెట్టాయి. ఫోర్డు నడిమి పటాలం ముందు ఒక చేను ఉంది. మనిషిని కప్పేసేంత ఎత్తుగా ఎదిగిన పైరు. దాని వెనక తెల్ల పటాలం ఫ్రెంచివాళ్ల కంటికి కనిపించలేదు. కనిపించింది ఎడమ రెక్కలో ఎర్రకోట్లు తొడుక్కున్న సిపాయిలు. ఎర్రకోటు చూసి వాళ్లే ఇంగ్లీషు పటాలమనుకుని, కాన్‌ఫ్లాన్ తెల్లసేన అటువైపు మళ్లింది. సిపాయిలు ఆ తాకిడికి ఆగలేకపోయారు. ఫ్రెంచివాళ్లు వరుసలు చెదిరి తరుముకుంటూ పోయారు. అప్పుడు చేను పక్క నుంచి అసలు ఇంగ్లీషు పటాలం బయటపడి, దగ్గర నుంచి కాల్పులు మొదలుపెట్టింది. వెనక వదిలేసిన తమ ఫిరంగుల దాకా పరుగెత్తడం తప్ప ఫ్రెంచివాళ్లకు గత్యంతరం లేకపోయింది. అక్కడా నిలదొక్కుకోలేకపోయారు. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి రాజమండ్రి దారి పట్టాడు.

ఇంత జరగడానికి కారణం ఒక చేను. కాబట్టి బల్ల మీద మేం అన్నిటికన్నా శ్రద్ధగా చేసింది ఆ చేనునే. కొబ్బరిపీచుతో చేసిన కాళ్లపట్టా తీసుకుని కత్తితో చిన్న చిన్న చదరాలుగా కోశాం. కోసేటప్పుడు పీచు రాలుతుంది, అంచుల వెంట జిగురు పూస్తే ఆగుతుంది. పీచు కొసలకు అక్కడక్కడ పసుపు రంగు, మొదట్లో కాస్త ఆకుపచ్చ అద్దాం. ఆ ముక్కలు పక్కపక్కన పెడితే పీచు నిటారుగా, బొమ్మకన్నా వెంట్రుకవాసి ఎత్తుగా నిలబడుతుంది. పైనుంచి చూస్తే దాని వెనక ఉన్న ఎర్రకోట్లు చక్కగా కనిపిస్తాయి. గడ్డం బల్ల అంచుకు ఆనించి, కన్ను బొమ్మ కంటి ఎత్తుకు దించి చూడండి. పీచు తప్ప ఇంకేం కనిపించదు. మొదటిసారి అలా వంగి చూసినప్పుడు, ఓర్మ్ పుస్తకంలో ఎన్నోసార్లు చదివిన వాక్యం నాకు నిజంగా తెలిసింది. రాబర్ట్ ఓర్మ్ అంటే ఆ కాలపు కంపెనీ చరిత్రకారుడు. చందుర్తి గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన రాతల నుంచే వచ్చింది.

కానీ బల్ల చుట్టూ నిలబడే ఆటగాడు పైనుంచే కదా చూసేది. అందుకని ఫోర్డు పక్షంలో ఎర్రకోటు ముక్కలన్నీ ఒకే తీరుగా రంగు వేశాం. ఏవి తెల్ల పటాలమో, ఏవి సిపాయిలో అట్టముక్క అడుగున రాసి పెట్టాం. చేను వెనక ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎవరు అన్నది మధ్యవర్తికీ, ఫోర్డుగా ఆడేవాళ్లకీ తప్ప తెలియదు. ఆ రోజు మధ్యవర్తిని నేను. ఫోర్డుగా ఆడింది లెక్కలు చెప్పి రిటైరైన మా మాస్టారు. కాన్‌ఫ్లాన్‌గా మా మేనకోడల్ని కూర్చోబెట్టాం. ఇంజనీరింగు చదువుతోంది. చందుర్తి పేరు కూడా అంతకుముందు వినలేదు, మాకు కావలసిందీ అదే.

ఆజ్ఞల గురించి ఇక్కడ చెప్పాలి. మేం ఆడేది బ్లాక్ పౌడర్ అని 2009లో ఇంగ్లండులో అచ్చయిన నియమాలను కాస్త మార్చుకుని. అందులో ఒక పద్ధతి ఉంది. దళం ఎక్కడికి వెళ్లి ఏం చేయాలో ఆటగాడు ముందు పైకి చెప్పాలి, ఆ తరవాతే పాచికలు వేయాలి. రెండు పాచికల మొత్తాన్ని సేనాని సామర్థ్యపు అంకెతో పోల్చి చూస్తాం. బాగా తక్కువ పడితే దళం మూడు అంగలు వేస్తుంది. ఎక్కువ పడితే ఉన్నచోటు నుంచి కదలదు. రెండు ఆర్లు పడ్డాయంటే ఆజ్ఞ తారుమారై అనుకోనిదేదో చేసేస్తుంది. చదరంగానికి అలవాటుపడ్డవాళ్లకు ఇది మొదట మింగుడుపడదు. నా బంటు నా మాట వినకపోవడమేమిటంటారు. సైన్యం మాట వినడమన్నదే ఒక అద్భుతమని మూడు నాలుగు ఆటలాడితే గాని ఒంటబట్టదు.

మా మేనకోడలు చాలాసేపు వంగి చేనువైపు చూసింది. తన తెల్ల పటాలాన్ని కదపలేదు. "ఈ చేను సంగతేదో తేలకుండా నేను ముందుకెళ్లను మావయ్యా" అంది. రౌతుల్ని పంపి చేను అంచులు వెతకమంది. పాచికలు సహకరించలేదు. రౌతులు రెండు విడతలు ఉన్నచోటే నిలబడిపోయారు. ఆలోగా ఫిరంగుల్ని తన బారుతోపాటే ముందుకు జరిపిస్తూ వచ్చింది. అసలు యుద్ధంలో ఫ్రెంచివాళ్లు చేయనిది అదే. వాళ్లు ఫిరంగుల్ని వెనక వదిలి కాళ్లకొద్దీ ముందుకు పోయారు. ఫిరంగికీ శత్రువుకీ నడుమ సొంత మనుషులు నిలబడితే ఫిరంగి మూగబోతుంది. పుస్తకంలో ఈ సంగతి నా కంటికి ఆనలేదు. బల్ల మీద ఆ అమ్మాయి ఫిరంగుల్ని వదలకపోతుంటే మాస్టారు చిక్కుల్లో పడ్డారు. చేను వెనక ఆయన పటాలం దాగి ఉంది సరే, దాగి ఉండి ఏం లాభం? ఎడమ రెక్కలో సిపాయిల మీద ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. ఆయన చేనులోంచి బయటికి రాక తప్పలేదు. వచ్చిన చోట ఎదురుగా, వరుస చెదరకుండా ఫ్రెంచి బారు నిలబడి ఉంది.

ఆ ఆట ఎవరూ గెలవలేదు. చీకటి పడింది, అంటే ఆటలో చీకటి. రెండు పక్షాలూ అలిసిపోయి వెనక్కి తగ్గాయి. ఫోర్డు ఉపాయశాలి అని, చేనును వాడుకుని గెలిచాడని మనం చదువుకుంటాం. చేనుంటే చాలదు, అవతలి పక్క తొందరపడేవాడు ఉండాలి. ఫిరంగుల్లో, సిపాయిల్లో పైచేయి ఉన్నవాడు ఎందుకంత తొందరపడ్డాడన్నది చందుర్తిలో అసలు ప్రశ్న అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఫోర్డు తెలివికన్నా ఆ ప్రశ్న మీదే ఎక్కువ ఆలోచించాలి.

ఇంకో రెండు గుంపుల గురించి చెప్పకుండా వదల్లేను. మొదటిది ఎడమ రెక్క సిపాయిలు. పుస్తకాల్లో వాళ్లు పారిపోయారని ఒక్క ముక్కలో తేలిపోతుంది. బల్ల మీద అంత తేలిగ్గా తేలదు. కాల్పుల్లో దెబ్బ తిన్న ప్రతిసారీ ఆ దళం గుండెదిటవు ఎంతుందో పాచికలు వేసి చూడాలి. యూరపు పటాలాలు కూడా సాధారణంగా సగం మంది చచ్చేదాకా నిలబడేవి కావు, పదిమందిలో ఒకరో ఇద్దరో పడేసరికే చెదిరేవి. ఈ సిపాయిల మీదికి ఒక తెల్ల పటాలం, దానికి తోడు తమకన్నా ఎక్కువ సంఖ్యలో ఉన్న సిపాయిలు ఒక్కసారిగా వచ్చారు. వాళ్లు చెదరడానికి ముందు ఎన్ని నిమిషాలు నిలబడ్డారో, ఆ కాసిని నిమిషాల్లోనే ఇంగ్లీషు పటాలానికి తిరిగి మళ్లే వ్యవధి చిక్కింది. బెంగాలు నుంచి ఓడలో వచ్చి గోదావరి మెట్టల్లో నిలబడ్డ ఆ మనుషుల పేర్లు ఎక్కడా లేవు. గెలుపులో వాళ్ల వాటా ఎంతో బల్ల మీద అంగుళాల్లో కొలిచి చూపించొచ్చు.

రెండోది రాజుగారి సేన. యుద్ధం జరిగినంతసేపూ వాళ్లు ఎండిన చెరువు గర్భంలో నక్కి కూర్చున్నారని ఓర్మ్ రాశాడు. రాతలో వెటకారం తెలుస్తూనే ఉంటుంది. రాజుగారి పక్షాన ఎవరూ ఈ కథ రాయలేదు, రాసినవాడు కంపెనీ మనిషి. ఆ సేన చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఈటెలు, కత్తులు, పాత తుపాకులు. బారులో నిలబడి ఒకేసారి కాల్చే కవాతు వాళ్లకు ఎవరూ నేర్పలేదు. బల్ల మీద వాళ్లను గుంపుగా, నియమాల ప్రకారం, ముప్పై ఫిరంగుల ముందుకు నడిపించి చూశాం. ఎన్ని విధాల నడిపించినా తుపాకీకి అందే దూరం చేరేసరికి సేన మిగల్లేదు. ఆ రోజు చెరువు గర్భంలో ఉండాలనుకున్నవాడెవడో నేల చూసి, ఫిరంగులు లెక్కపెట్టి నిర్ణయం తీసుకున్నాడని నా అభిప్రాయం. దాన్ని పిరికితనమనడానికి నాకు మనసొప్పదు.

యుద్ధాన్ని ఆటగా ఆడొచ్చా అని అడిగేవాళ్లుంటారు. అడగాలి కూడా. హెచ్.జి.వెల్స్ పేరు మీకు తెలుసు, కాలయంత్రం కథ రాసిన రచయిత. ఆయన 1913లో లిటిల్ వార్స్ అనే చిన్న పుస్తకం రాశాడు. ఇంటి నేల మీద బొమ్మ సైనికుల్ని నిలబెట్టి, స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగులతో వాళ్లను పడగొట్టే ఆట అది. ఈనాటి మా ఆటలకు అదే మూలం. పుస్తకం చివర్లో ఆయన, ఈ చిన్న యుద్ధం ఆడి చూస్తే పెద్ద యుద్ధం ఎంత తెలివితక్కువదో అర్థమవుతుందని వాదించాడు. మరుసటి ఏడాదే ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆయన వాదన లోకం వినలేదు. వాదన మాత్రం నిజమని నేను నమ్ముతాను. ఒక అట్టముక్కను బల్ల మీద నుంచి తీసి పక్కన పెట్టేటప్పుడు అది 120 మంది అని మా ఆటలో పైకి చెప్పాలి. ఆ నియమం ఏ పుస్తకంలోనూ లేదు, మేమే పెట్టుకున్నాం. పిల్లలతో ఆడేటప్పుడు దాన్ని అసలు వదలం.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు సీసం బొమ్మలకు డబ్బు పోయనక్కర్లేదు. సైనికుల వరుస బొమ్మలు కాగితం మీద గీసి, రంగులు వేసి, మడిచి అట్టకు అంటిస్తే చాలు. ఒక కొలబద్ద, నాలుగు పాచికలు, ఓపిక ఉన్న ఒక మధ్యవర్తి కావాలి. మన నేల మీదే ఆడదగ్గ యుద్ధాలున్నాయి. 1794 జులై 10న పద్మనాభంలో విజయనగరం రాజు కంపెనీ సేనకు ఎదురు నిలిచి ప్రాణం వదిలాడు. ఆ యుద్ధాన్ని ఆడాలంటే ముందు ఆ కొండా, దాని చుట్టూ ఉన్న నేలా కాలినడకన తిరిగి రావాలి.

మేం ఇప్పుడు తయారుచేస్తున్నది మచిలీపట్నం. చందుర్తి తరవాత ఫోర్డు అక్కడి కోటను ముట్టడించాడు. 1759 ఏప్రిల్ నాటికి అతని దగ్గర తుపాకీ మందు రెండు రోజులకు సరిపడా మిగిలింది. ఇంకో వైపు నుంచి ఫ్రెంచివాళ్ల మిత్రుడైన నిజాం సలాబత్‌జంగ్ సేన వస్తోంది. కోట చుట్టూ బురదనేల. 7వ తేదీ రాత్రి ఫోర్డు ఒకేసారి మూడు వైపుల నుంచి కోట మీద దాడులు చేయించాడు. వాటిలో రెండు లోపలివాళ్ల దృష్టి మళ్లించడానికే. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్ లొంగిపోయాడు. పట్టుబడినవాళ్లు పట్టుకున్నవాళ్లకన్నా ఎక్కువమంది. ఈసారి రాజుగారి మనుషులు కట్టవైపు నుంచి కాల్పులు జరిపి తమ వంతు పని చేశారు, వాళ్లకు వేరే ఆటగాడే ఉండాలని నా పట్టు. ఫోర్డు, కాన్‌ఫ్లాన్ ఇద్దర్నీ రెండు వేరు గదుల్లో కూర్చోబెట్టి, కోట పటం ఒక్కటి చేతికిచ్చి, కబుర్లన్నీ చీటీల మీదే పంపుదామంటున్నారు మాస్టారు. మా మేనకోడలు ఈసారి కోట లోపల ఉంటానంది.